కుళాయి నీళ్లు గడ్డికా, గొంతుకా?

2024 వేసవిలో దేశ రాజధాని నుంచి వచ్చిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. చాణక్యపురిలోని వివేకానంద క్యాంప్ అనే బస్తీకి నీళ్ల ట్యాంకర్ వస్తుంది. అది ఆగీ ఆగకముందే యువకులు పైకెక్కి మూతలోంచి పైపులు దించుతారు. కింద మహిళలు, పిల్లలు బిందెలు, డబ్బాలు పట్టుకుని తోసుకుంటూ ఉంటారు. చాణక్యపురి అంటే విదేశీ రాయబార కార్యాలయాలుండే ప్రాంతం. వెడల్పాటి రోడ్లు, చెట్ల వరుసలు, విశాలమైన ఆవరణలు అక్కడి ప్రత్యేకత. బిందెడు నీళ్ల కోసం తోపులాట జరిగిందీ ఆ ప్రాంతంలోనే.

ఆ ఏడాది మే 29న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 46.8 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. 79 ఏళ్లలో అక్కడ అంత వేడి ఎన్నడూ లేదు. సరిగ్గా అదే రోజు ఢిల్లీ ప్రభుత్వం నీటి వృథాపై జరిమానాలు ప్రకటించింది. పైపు పెట్టి కార్లు కడిగినా, ట్యాంకు పొంగి పొర్లినా, ఇంటి కనెక్షన్ నీటిని నిర్మాణాలకో వ్యాపారానికో మళ్లించినా 2,000 రూపాయలు కట్టాలంది. తనిఖీకి 200 బృందాలను దించాలని ఢిల్లీ జల్ బోర్డును ఆదేశించింది. అదే ఏడాది మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు, కార్లకు, నిర్మాణాలకు, ఫౌంటెన్లకు వాడటాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. చండీగఢ్‌లోనైతే ఇది ఏటా నడిచే తంతు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ చివరిదాకా, ఉదయం నీళ్లు వదిలే వేళల్లో లాన్లకు కుళాయి నీరు పెట్టకూడదు.

ఇలాంటి నిబంధన వచ్చినప్పుడల్లా రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. 'నాలుగు గడ్డిపోచలకు నీళ్లు పోస్తే ఊరి దాహం పెరుగుతుందా?' అన్నది ఒకటి. 'పచ్చదనం లేకపోతే ఈ ఎండలు ఇంకా ముదరవా?' అన్నది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబుల కోసం కొంచెం లెక్క, కొంచెం భౌతికశాస్త్రం చూడాలి.

గడ్డి ఎంత తాగుతుంది?

ముందుగా ఒక తేలికైన సూత్రం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. వానను మిల్లీమీటర్లలో కొలిచినట్టే నేల నుంచి గాలిలోకి పోయే నీటినీ శాస్త్రవేత్తలు మిల్లీమీటర్లలోనే కొలుస్తారు. ఈ నీరు రెండు దారుల్లో పోతుంది. కొంత నేరుగా మట్టి నుంచి ఆవిరవుతుంది. మిగిలింది వేళ్ల ద్వారా మొక్కలోకి ఎక్కి, ఆకుల మీదుండే పత్రరంధ్రాల గుండా బయటికి వెళ్తుంది. ఈ రెండోదాన్ని మనం బడిలో బాష్పోత్సేకం అని చదువుకున్నాం.

ఎండ తీవ్రత, గాలి వేగం, గాలిలో తేమ కలిసి ఈ నష్టాన్ని నిర్ణయిస్తాయి. మే, జూన్ నెలల ఢిల్లీలో మూడూ గడ్డికి వ్యతిరేకమే. ఎండ మండిపోతుంది, గాలి పొడిగా ఉంటుంది, పడమటి నుంచి 'లూ' అనే వడగాడ్పు వీస్తుంది. అలాంటి రోజున ఉత్తరాది లాన్లలో కనిపించే దూబ్ గడ్డి పచ్చగా నిలవాలంటే సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. అంటే చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లు.

ఇక లెక్క వేద్దాం. ఇంటి ముందు 100 చదరపు మీటర్ల లాన్ ఉంటే రోజుకు 500 లీటర్లు. పైపుతో పెడితే కాలిబాట మీద పడేది, గాలికి కొట్టుకుపోయేది, వేళ్లను దాటి కిందికి ఇంకేది దీనికి అదనం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో ప్రణాళికలకు వాడే ప్రమాణం. ఆ లెక్కన ఈ చిన్న లాన్ ఒక్కటే నలుగురున్న కుటుంబంతో సమానం. ఢిల్లీలో నెలకు 20,000 లీటర్ల వరకు వాడే ఇళ్లకు నీటి బిల్లు లేదు. అది రోజుకు 667 లీటర్లు. ఆ వాటాలో మూడొంతులు గడ్డికే పోతుందన్నమాట. అదే అర ఎకరం పచ్చిక ఉన్న బంగళా అయితే రోజుకు 10,000 లీటర్లు, అంటే ఒక పెద్ద ట్యాంకర్ నిండా నీళ్లు కావాలి.

ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఢిల్లీ కుళాయిలో పడే నీటి చుక్క చాలా దూరం ప్రయాణించి వస్తుంది. కొంత యమునది. కొంత హరియాణాలోని మునక్ నుంచి హైదర్‌పూర్ దాకా తవ్విన 102 కిలోమీటర్ల కాంక్రీటు కాలువది. కొంత ఉత్తరాఖండ్‌లోని టెహ్రీ జలాశయం నుంచి ఎగువ గంగా కాలువ మీదుగా సోనియా విహార్ శుద్ధి కేంద్రానికి చేరేది. వీటికి తోడు భూగర్భజలాలు. ఇన్ని కలిపినా సరఫరా రోజుకు సుమారు 1,000 మిలియన్ గ్యాలన్లు, అంటే దాదాపు 455 కోట్ల లీటర్లు. అవసరమేమో 1,290 మిలియన్ గ్యాలన్లని ఢిల్లీ ఆర్థిక సర్వే లెక్క.

ఎగువ రాష్ట్రాల్లో నీరు తగ్గితే ఇక్కడ గొంతు ఎండుతుంది. 2016 ఫిబ్రవరిలో హరియాణాలో ఆందోళనల సమయంలో మునక్ కాలువ దెబ్బతినడంతో ఢిల్లీలో బడులకు సెలవు ఇవ్వాల్సి వచ్చింది. 2024 జూన్‌లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 137 క్యూసెక్కుల నీరు వదలాలని కోర్టు హిమాచల్‌ప్రదేశ్‌ను ఆదేశించగా, తమ దగ్గర మిగులు లేదని ఆ రాష్ట్రం తర్వాత చెప్పింది.

అలా చేరిన నీటిని నేరుగా వదలరు. పటిక కలిపి మడ్డిని అడుగుకు దించుతారు. ఇసుక పొరల్లో వడకడతారు. క్లోరిన్ కలిపి క్రిములను చంపుతారు. యమునలో అమోనియా ఒక హద్దు దాటితే శుద్ధి కేంద్రం ఉత్పత్తినే తగ్గించుకోవాల్సి వస్తుంది. ఆ తర్వాత కరెంటు ఖర్చుతో పంపుల ద్వారా ఇళ్లకు తోస్తారు. ఇంత శ్రమా మనిషి కడుపులోకి వెళ్లే నీటి కోసం. గడ్డికి ఇందులో ఏదీ అవసరం లేదు. క్రిములు లేని నీరు దానికి అక్కర్లేదు. పైగా మురుగులో ఉండే నత్రజని, భాస్వరం దానికి ఎరువు.

ఒక శాతమే కదా!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నగరంలో 10 చదరపు కిలోమీటర్ల మేర లాన్లు కుళాయి నీటితో పెరుగుతున్నాయని ఊహించుకుందాం. వాటికి రోజుకు 5 కోట్ల లీటర్లు, అంటే 11 మిలియన్ గ్యాలన్లు కావాలి. మొత్తం సరఫరాలో ఇది ఒక శాతమే. మరోవైపు పైపుల్లో లీకేజీలు, దొంగ కనెక్షన్లు, మీటర్లు లేని వాడకం కలిసి ఢిల్లీ నీటిలో సుమారు సగం లెక్కకు అందకుండా పోతోంది. అంత చిల్లు వదిలేసి గడ్డి మీద పడటమేమిటని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. లీకేజీని పూడ్చకుండా లాన్ల మీద జరిమానాలు వేసి చేతులు దులుపుకోవడం ఏ ప్రభుత్వానికీ సరికాదు.

అయితే ఆ ఒక్క శాతం కూడా చిన్నదేమీ కాదు. 5 కోట్ల లీటర్లంటే 135 లీటర్ల చొప్పున 3 లక్షల 70 వేల మందికి ఒక రోజు నీళ్లు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. ఎన్ని నీళ్లు వాడుతున్నామన్నదే కాదు, ఎప్పుడు వాడుతున్నామన్నదీ చూడాలి.

మన నగరాల్లో నీళ్లు రోజంతా రావు. పొద్దున గంటో రెండు గంటలో వస్తాయి. ఆ కాస్త సమయంలోనే అందరూ పట్టుకోవాలి. పైపులో నీరు పారేటప్పుడు గోడల రాపిడి వల్ల పీడనం తగ్గుతూ పోతుంది. ఈ తగ్గుదల ప్రవాహానికి సమానంగా పెరగదు, దాదాపు దాని వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. అంటే ఒకే పైపులో ప్రవాహం రెట్టింపైతే పీడన నష్టం సుమారు నాలుగింతలవుతుంది. లైను మొదట్లో ఉన్న నాలుగిళ్లు ఒకేసారి తోట పైపులు తెరిస్తే, లైను చివరన ఉన్న ఇంట్లో ధార సన్నబడటం కాదు, పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది. లైనుకే నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లుంటే పరిస్థితి మరీ ఘోరం. అందుకే ఆ పద్ధతిపై నిషేధం ఉంది.

మామూలు తోట పైపు నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు పోస్తుంది. గంట తెరిచి ఉంచితే సుమారు 1,000 లీటర్లు. నీళ్లు వచ్చే ఆ ఒక్క గంటలోనే రెండు కుటుంబాల రోజు వాటా నేలపాలవుతుంది. 'పైపు' అనగానే అధికారులు ఎందుకంత కంగారు పడతారో, చండీగఢ్ నిషేధం సరిగ్గా ఉదయం వేళకే ఎందుకు వర్తిస్తుందో దీంతో అర్థమవుతుంది. నేరుగా కుళాయి నుంచి కాకుండా ఇంటి సంపులోంచి తోడి పోసినా తేడా పెద్దగా ఉండదు. ఖాళీ అయిన సంపు మర్నాడు పొద్దున అదే లైను నుంచి, అదే గంటలో, మరింత నీటిని లాగుతుంది.

మరి చల్లదనం మాటేమిటి?

రెండో ప్రశ్న ఇంకా ఆసక్తికరమైనది. పచ్చిక చల్లబరుస్తుందన్నది నిజం. కిలో నీరు ఆవిరి కావాలంటే సుమారు 2.4 మెగాజౌళ్ల గుప్తోష్ణం కావాలి. కూలర్ పనిచేసేది ఈ సూత్రం మీదే, కుండలో నీళ్లు చల్లబడేదీ దీనివల్లే. చదరపు మీటరు గడ్డి 5 లీటర్లు ఆవిరి చేస్తే దాదాపు 12 మెగాజౌళ్ల వేడిని మింగుతుంది. 100 చదరపు మీటర్లకు అది 330 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి. ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు మూడు రోజంతా ఆపకుండా నడిచి గదుల్లోంచి తోడేసేంత వేడి అది.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఏసీ గది తలుపులు మూసి ఉంటాయి, లాన్‌కు తలుపుల్లేవు. ఆ చల్లదనాన్ని గాలి వెంటనే ఊడ్చుకుపోతుంది. మనకు అందేది చాలా కొంచెం. ఎండలో నడిచే మనిషిని అన్నిటికన్నా ఎక్కువ బాధించేది నేరుగా మీద పడే సూర్యకిరణం. గడ్డి దాన్ని ఆపలేదు, చెట్టు ఆపుతుంది. వేపచెట్టు నీడనిస్తూనే ఆకుల ద్వారా నీటిని ఆవిరి చేస్తుంది. దాని వేళ్లు లోతుకు వెళ్తాయి కాబట్టి, ఎదిగిన చెట్టుకు రోజూ పైపు పట్టనక్కర్లేదు. గడ్డి వేళ్లు ఎక్కువగా పైపొరలోనే ఉంటాయి. ఆ పొర ఢిల్లీ ఎండకు ఒకటి రెండు రోజుల్లో ఎండిపోతుంది. ఒక్క లీటరు నీటికి మనిషికి దక్కే ఉపశమనాన్ని లెక్కిస్తే చెట్టుదే పైచేయి.

అందుకే నీటి ఆంక్షలు పెట్టేటప్పుడు పచ్చదనమంతటినీ ఒకే గాటన కట్టకూడదు. వరుసలో ముందుండాల్సింది మనుషుల తాగునీరు. తర్వాత వేరు పట్టని చిన్న మొక్కలు, కొత్తగా నాటిన చెట్లు. ఒక వేసవి నీరందకపోతే అవి చచ్చిపోతాయి, మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. అలంకారపు గడ్డి వరుసలో చివరన నిలబడాలి.

అలా చివరన నిలబడినా గడ్డికి పెద్ద నష్టమేమీ లేదు. ఉత్తరాది లాన్లలో పెరిగే దూబ్ మరేదో కాదు, వినాయక చవితి పూజలో మనం వాడే గరికే. దాని కాడలు నేల మీద పాకుతాయి, నేల లోపలా పాకుతాయి. నీరు దొరకనప్పుడు అది ఆకులను ఎండనిచ్చి, ఆ కాడల్లో ప్రాణం దాచుకుని నిద్రావస్థలోకి వెళ్తుంది. పైకి గోధుమరంగుకు మారుతుంది, చచ్చినట్టే కనిపిస్తుంది. తొలకరి పడగానే మళ్లీ చిగురిస్తుంది. పొలం గట్ల మీద గరికను చూసిన మన రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. జూన్‌లో లాన్ ఎండిపోవడం గరిక వంతుకు సహజమైన విషయం. జూన్‌లోనూ పచ్చగా ఉండాలన్నది మన కోరిక మాత్రమే.

నిషేధంతో ఆగితే సరిపోదు

గడ్డికి తాగునీరు వద్దన్నప్పుడు మరేం నీరు పెట్టాలి? జవాబు నగరంలోనే ఉంది. ఢిల్లీ మురుగునీటి శుద్ధి కేంద్రాల సామర్థ్యం రోజుకు 600 మిలియన్ గ్యాలన్లకు పైనే. శుద్ధయిన ఆ నీటిలో ఉద్యానాలకు, ఇతర అవసరాలకు వెళ్తున్నది చిన్న భాగమే. మిగిలింది కాలువల్లోకి, యమునలోకి పోతోంది. మనం ఊహించుకున్న 10 చదరపు కిలోమీటర్ల పచ్చికకు కావలసింది 11 మిలియన్ గ్యాలన్లే కదా. నీటికి కొరత లేదు. దాన్ని పార్కు దాకా చేర్చే పైపులకే కొరత.

దీనికి దగ్గర్లోనే ఒక పాఠం ఉంది. గురుగ్రామ్‌లో భూగర్భజలాలు అడుగంటుతున్న వేళ, 2012లో పంజాబ్-హరియాణా హైకోర్టు నిర్మాణాలకు బోరు నీటి వాడకాన్ని ఆపేసింది. బిల్డర్లు శుద్ధిచేసిన మురుగునీటికి మళ్లాల్సి వచ్చింది. తాగునీటి తలుపు మూసినప్పుడు రెండో తలుపు తెరిచి ఉండాలి. చండీగఢ్‌లో లాన్ల కోసం శుద్ధిచేసిన నీటికి ప్రత్యేక పైపులైన్లు ఉన్నాయి కాబట్టే అక్కడి వేసవి ఆంక్షలు అమలవుతున్నాయి.

'కుళాయి వద్దంటే బోరు వేసుకుంటాం' అన్నది మాత్రం రెండో తలుపు కాదు. ఢిల్లీలో ఏటా భూమిలోకి ఇంకి, తోడుకోవడానికి వీలున్న నీటిలో దాదాపు నూరు శాతం తోడేస్తున్నారు. గురుగ్రామ్‌లో ఇంకేదాని కన్నా తోడేదే ఎక్కువ. తాగడానికి పనికొచ్చే భూగర్భజలాన్ని వృథా చేయడం శిక్షార్హమని కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ 2020 అక్టోబర్‌లో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఆదేశాలిచ్చింది కూడా.

శుద్ధిచేసిన నీటితోనూ కొన్ని జాగ్రత్తలు తప్పవు. అందులో లవణాలు ఎక్కువ. ఏళ్ల తరబడి అదే పెడితే మట్టి ఉప్పుబారుతుంది. వానాకాలం ఆ ఉప్పును కొంత కడిగేస్తుంది గానీ, మట్టిని అప్పుడప్పుడు పరీక్షించాల్సిందే. శుద్ధి సరిగా జరగకపోతే క్రిములు మిగిలిపోతాయి. అందుకే స్ప్రింక్లర్‌తో గాలిలోకి చిమ్మడం కన్నా నేల మీద పారించడం మేలు. జనం లేని రాత్రివేళ పెట్టి, గడ్డి ఆరాకే పిల్లలను ఆడనివ్వాలి. ఈ పైపు తాగునీటి పైపుతో ఎక్కడా కలవకూడదు. పొరపాటున ఎవరూ తాగకుండా రంగు వేరుగా ఉండాలి.

ఇతర నగరాలు ఏం చేశాయి?

2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ కుళాయిలన్నీ కట్టేసే రోజుకు దగ్గరగా వెళ్లింది. మనిషికి రోజుకు 50 లీటర్లే అని హద్దు పెట్టి, తోటలకు నగరపాలక నీటిని పూర్తిగా నిషేధించింది. ఇళ్ల లాన్లు ఎండిపోయాయి, నగరం మాత్రం గండం గట్టెక్కింది. అమెరికాలోని లాస్ వెగాస్ మరో అడుగు ముందుకేసింది. ఎడారి నడుమ ఉన్న ఆ నగరంలో లాన్ తీసేసి ఎండను తట్టుకునే మొక్కలు వేసుకునేవారికి నీటి సంస్థ డబ్బిస్తుంది. 2021లో నెవాడా రాష్ట్రం ఒక చట్టం కూడా చేసింది. డివైడర్ల మీద, కార్యాలయాల ముందు కేవలం చూడటానికి పెంచే గడ్డికి 2027 నుంచి కొలరాడో నది నీరు పెట్టకూడదు. ఆ చట్టం ఆటస్థలాల గడ్డి జోలికి వెళ్లలేదు. పిల్లలు ఆడుకునే గడ్డికీ, ఎవరూ కాలు పెట్టని గడ్డికీ తేడా చూడటం అందులోని మంచి ఆలోచన. మన నిబంధనల్లోనూ ఆ తేడా ఉంటే బాగుంటుంది.

మన వంతు

లాన్ ఉన్నవారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వేసవిలో గడ్డిని మరీ పొట్టిగా కత్తిరించకుండా రెండు మూడు అంగుళాలు ఉంచితే మట్టికి నీడ దొరుకుతుంది. రోజూ కాస్త కాస్త తడపడం కన్నా నాలుగైదు రోజులకోసారి లోతుగా తడిపితే వేళ్లు కిందికి దిగుతాయి. మధ్యాహ్నం ఎండలో నీరు పెట్టడం దండగ. కూరగాయలు కడిగిన నీళ్లు, ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లు ఇంటి మొక్కలకు పనికొస్తాయి. అయితే ఆర్‌ఓ నీటిలో లవణాలు ఎక్కువ కాబట్టి ఎప్పుడూ అదే పోయకుండా మార్చి మార్చి వాడాలి. గడ్డి స్థానంలో ఒక్క వేపో రేలో నాటితే పదేళ్ల తర్వాత నీడకు నీడ, నీటికి ఆదా.

నివాస సంఘాల బాధ్యత ఇంకాస్త పెద్దది. చాలా పెద్ద అపార్ట్‌మెంట్లలో సొంత మురుగునీటి శుద్ధి కేంద్రాలుంటాయి. అవి నిజంగా నడుస్తున్నాయా, ఆ నీరు పార్కుకు వెళ్తోందా, డ్రైనేజీలోకి వెళ్తోందా అని వచ్చే సమావేశంలో ఎవరో ఒకరు అడిగితే చాలు, సగం పని మొదలైనట్టే.

ప్రభుత్వాల పని మాత్రం జరిమానా రసీదులతో ముగియదు. లీకేజీలు పూడ్చాలి, శుద్ధిచేసిన నీటిని పార్కుల గేట్ల దాకా తేవాలి. ఆంక్షలు బస్తీకీ, బంగళాకూ, ప్రభుత్వ భవనాల ముందరి పచ్చికకూ ఒకేలా వర్తించాలి. తన ఇంటి ముందు గడ్డి ఎండుతుంటే ఎదురుగా సర్కారీ లాన్ మీద స్ప్రింక్లర్ తిరగడం చూసే పౌరుడికి ఏ నిబంధన మీదా గౌరవం మిగలదు.

గడ్డి వానలు వచ్చేదాకా ఆగగలదు. ట్యాంకర్ దగ్గర బిందె పట్టుకుని నిలబడిన మనిషి ఆగలేడు. లైను మొదట్లో పొద్దున్నే తెరిచిన పైపును కట్టేస్తే, లైను చివర ఎవరో ఒకరి కుళాయిలో ధార మొదలవుతుంది.